గట్టుకి కోపమొస్తదండి

హన్నమ్మకి ఉన్న పిచ్చి ఒక్కటే. గ్రీన్ మీదికి ఎవరినీ చెప్పులతో ఎక్కనివ్వదు.

గ్రీన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. గోల్ఫు ఆటలో పద్దెనిమిది గుంతలుంటాయి. ఒక్కో గుంత చుట్టూ పెళ్ళిపందిరంత మేర గడ్డిని గీరి గీరి, ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంచుతారు. ఆ దుప్పటే గ్రీన్. ఆడేవాళ్ళు ఎక్కడో నాలుగు వందల గజాల అవతల నుంచి కోడిగుడ్డంత బంతిని కర్రతో కొట్టుకుంటూ వచ్చి, చివరికి ఆ దుప్పటి మీద మెల్లగా దొర్లించి గుంతలో వెయ్యాలి. ఎక్కడైనా సరే దాని మీదికి బూట్లతోనే ఎక్కుతారు. ఒక్క పెదవేగి అవతల, పామాయిల్ తోటల మధ్య ఉన్న గోల్ఫు మైదానంలో మాత్రం విప్పి ఎక్కుతారు. ఎందుకంటే అక్కడ హన్నమ్మ కాడీగా ఉంది.

"ఏవండీ, అక్కడే విప్పేయండి," అంటుంది హన్నమ్మ, గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడలాగా. "మా కొల్లేటి లంకల్లో కొత్త గట్టు మీద చెప్పులతో నడవరండి. గట్టుకి కోపమొస్తదండి."

ఇది గట్టు కాదు హన్నమ్మా, గ్రీన్ అని చెప్పినవాళ్ళు లేకపోలేదు. నాలుగు పక్కలా ఏటవాలుగా ఉండి, మట్టి వేసి తొక్కి, పైన గడ్డి పరిచాక అది గట్టు కాక మరేమిటండీ అనేది. అలా అనేటప్పుడు గొంతు పెంచదు. చేతులు కట్టుకుని, మెడ కాస్త పక్కకి వాల్చి, 'అండీ' అనే మాటని పాకంలో ముంచి తీసినట్టు అంటుంది. ఆ 'అండీ' విన్నాక బూట్లు విప్పకుండా నిలబడడం ఎవరి తరమూ కాలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ మైదానం వేసేటప్పుడు గడ్డి నాటడానికి వచ్చిన కూలీల్లో హన్నమ్మ ఒకతె. అంతకుముందు ఇరవై ఏళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లకి మట్టి మోసింది. గడ్డి నాటడం అయ్యాక ఆట మొదలైంది. ఆడేవాళ్ళ సంచులు మొయ్యడానికి మనుషులు కావలసి వచ్చారు. చుట్టుపక్కల మగవాళ్ళు చెరువుల మీదికీ ఆటోల మీదికీ పోవడంతో ఆ పని ఆడవాళ్ళకి వచ్చింది. సంచి మోసేవాళ్ళనే కాడీలంటారు. సంచిలో పద్నాలుగు కర్రలు, గొడుగు, నీళ్ళ సీసా, తువ్వాలు ఉంటాయి. మొదటి వారం హన్నమ్మ ఆ సంచిని భుజాన కాకుండా నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ నడిచింది. మేనేజరు వెంకట్రాజు గారు అది చూసి తల పట్టుకున్నారు. ఆమె నడుముకి ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో దబ్బనం, నీలం రంగు వల నూలు ఉండ. మైదానంలో ఏది తెగినా ఆ నూలుతోనే కట్టేది. గుంతలో జెండా, సంచి పట్టీ, గొడుగు పిడి. వెంకట్రాజు గారి కళ్ళజోడుకి ఒక కాలు ఆ నూలుతోనే నిలబడింది.

కుసుమ పెదవేగి అమ్మాయి. ఐదేళ్ళ క్రితం కాడీ పనిలో చేరి, ఆ పని హన్నమ్మ దగ్గరే నేర్చుకుంది. పిన్నీ అని పిలిచేది. పనిలో మొదటి పాఠం, బంతి వంక చూడొద్దు, కొట్టేవాళ్ళ మొహం వంక చూడు, బంతి ఎటు పోయిందో అక్కడే తెలుస్తది అని. రెండో పాఠం చెప్పులు.

ఒక ఏడాది పెద్ద పోలీసాఫీసరు ఒకాయన ఆడ్డానికి వచ్చారు. మొదటి గ్రీన్ దగ్గర హన్నమ్మ మెడ వాల్చింది. ఇది రూల్సులో ఉందా అని ఆయన అడిగారు.

"రూల్సు నాకు తెలీదండి. గట్టు సంగతి తెలుసండి."

ఆయన బూట్ల తాళ్ళు విప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన విప్పాక ఇంక గన్‌మన్‌లకి తప్పుతుందా. తుపాకులు భుజాన వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వాళ్ళిద్దరూ నిలబడ్డ తీరు చూసి, పక్క తోటలో గెలలు కోసేవాళ్ళు గెడలు దించేశారు.

బహుమతులివ్వడానికి వచ్చిన ఒక అమ్మగారు ఎత్తు మడమల చెప్పులతో గ్రీన్ మీదికి రాబోయారు. ఆ మడమ దిగిన చోటల్లా వేలెడు లోతు బొక్క పడుతుంది. హన్నమ్మ ఎదురెళ్ళి నమస్కారం పెట్టింది. "గుంతలు పద్దెనిమిదే ఉండాలండి అమ్మగారూ. మీరు ఇంకో నలభై వెయ్యకండి." అమ్మగారు నవ్వుతూ విప్పేసి, గడ్డి మీద అడుగు పెట్టి, చిన్నప్పుడెప్పుడో ఇలా నడిచానన్నారు. ఆవిడని మళ్ళీ అక్కడి నుంచి దించడానికి వెంకట్రాజు గారు రెండుసార్లు మైకులో పిలవాల్సి వచ్చింది.

చిక్కు కూడా లేకపోలేదు. అన్నీ తెల్ల బూట్లే కావడం వల్ల గ్రీన్ అంచున పెళ్ళింటి వాకిలిలా కలిసిపోయేవి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే రైసుమిల్లు ఓనరు గారు ఒకసారి ఏలూరు డాక్టరు గారి బూట్లు తొడుక్కుని రెండు గుంతలు ఆడేశారు. ఇవాళేమిటో కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, బంతి కూడా తిన్నగా పోతోంది అని సంబరపడ్డారు. డాక్టరు గారు మాత్రం కుంటుకుంటూ వెనకొచ్చారు. అప్పటి నుంచీ ఎవరి బూట్లు వాళ్ళకి ఎదురయ్యేలా హన్నమ్మ తనే వరసగా పేర్చి పెట్టేది.

నిజానికి ఈ ఆచారం మీద కుసుమకి ఒక అనుమానముంది. మొన్న క్రిస్మస్‌కి భోజనానికి పిలిస్తే కొల్లేటి లంకలో హన్నమ్మ ఇంటికి వెళ్ళింది. ఇంటి వెనకే కొత్తగా వేసిన చెరువు గట్టు. దాని మీద మేత బస్తాలవాళ్ళు బూట్లతో, పిల్లలు చెప్పులతో, ఒక గేదె గిట్టలతో హాయిగా నడిచిపోతున్నారు.

"ఇదేంటి పిన్నీ, అందరూ చెప్పులతోనే పోతున్నారు?"

"అది పాత గట్టే."

"నిన్ననేగా పొక్లెయిన్ వెళ్ళిందన్నావు?"

"కూర చల్లారిపోద్ది, తిను."

అలా ఉండగా, ఏడాదికోసారి ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంటు అక్కడ జరుగుతుంది. దేశమంతటి నుంచీ ఆటగత్తెలు వస్తారు. అసలు పోటీకి ముందు రోజు ప్రోయామ్ అని ఒకటుంటుంది. ఆ రోజు ఒక్కో ఆటగత్తెతో ముగ్గురు పెద్దమనుషులు కలిసి ఆడతారు. టోర్నమెంటుకి చందాలిచ్చినవాళ్ళు, ఇవ్వబోయేవాళ్ళు, ఇస్తారేమోనని ఆశ పెట్టినవాళ్ళు. కాడీల లెక్కలో అది ఆట కాదు, పెళ్ళివారి విడిది. వచ్చినవాళ్ళు మగపెళ్ళివారు, తాము ఆడపెళ్ళివారు. కాఫీ చల్లారకూడదు, బంతి పోకూడదు, పోయినా పోయిందనకూడదు. ఆ రోజు బంతి చెరువులో పడితే హన్నమ్మ, "స్నానానికెళ్ళిందండి, ఇంకోటి పెట్టుకోండి," అనేది.

ఆ రోజు చూడవలసిన వింత ఇంకొకటుంది. ఊరూరా కప్పులు గెలిచిన అమ్మాయికి, పాతికేళ్ళలో ఒక్క బంతీ తిన్నగా కొట్టని పెద్దమనిషి, మోచెయ్యి కాస్త లోపలికి పెట్టమ్మా అని నేర్పుతాడు. ఆ అమ్మాయి అలాగేనండి అని పెట్టి చూపించాలి. నలుగురూ కొట్టాక, నాలుగు బంతుల్లో మంచిది ఏదో చూసుకుని మళ్ళీ నలుగురూ అక్కడి నుంచే కొడతారు. ఆ మంచి బంతి ఎప్పుడూ ఆ అమ్మాయిదే అవుతుంది. మన బంతి బాగా పడిందండోయ్ అని మాత్రం ముగ్గురూ అనుకుంటారు.

ఏటా హన్నమ్మ మోసేది తేజస్వి సంచి. తేజస్విది తాడేపల్లిగూడెం. ఊరవతల పాత విమానాల మైదానంలో వాళ్ళ డ్రిల్లు మాస్టారు పట్టుకొచ్చిన ఒకే ఒక్క కర్రతో ఆట నేర్చుకుంది. హన్నమ్మ సంచి పట్టాక ఆ అమ్మాయి ఈ మైదానంలో గుంత దగ్గర తప్పడం తక్కువ. ఎందుకంటే హన్నమ్మకి అరికాళ్ళతో చూడడం వచ్చు. బంతి గుంత వైపు తిన్నగా పోదు, వాలుని బట్టి పక్కకి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో తెలుసుకోవడానికి మిగతా కాడీలు వంగి, కూర్చుని, కన్ను మూసి చూస్తారు. హన్నమ్మ వట్టి కాళ్ళతో ఒక్క చుట్టు తిరిగొచ్చి, "ఎడమకి బెత్తెడమ్మా," అంటుంది. ఇరవై ఏళ్ళు గట్లు తొక్కిన కాళ్ళు. నీళ్ళు ఎటు జారతాయో ఆ కాళ్ళకి తెలుసు.

ఈ ఏడాది ప్రోయామ్ రోజు పొద్దున్నే, టీ గ్లాసు చేతిలో పట్టుకుని తేజస్వి ఒక సంగతి చెప్పింది. ఇన్నాళ్ళూ తన ప్రయాణాలకీ ఆటకీ సాయం చేసిన కంపెనీ మానేసింది. ఏలూరులో ఒక స్కూల్లో ఆటల టీచరు ఉద్యోగం ఉంది, సోమవారంలోగా చేరతానో చేరనో చెప్పాలి. చేరితే ఆట మానేసినట్టే. ఇక మిగిలిన ఆశ ఒక్కటే. కైకలూరు అవతల చేపల మేత ఫ్యాక్టరీ ఉన్న ప్రసాదరావు గారు ఒక ఆటగత్తెకి సాయం చేద్దామనుకుంటున్నారు. ఇవాళ తనతో కలిసి ఆడి, చూసి, చెప్తానన్నారు.

"ఇవాళ బాగా ఆడాలి పెద్దమ్మా," అంది తేజస్వి. గ్లాసులో టీ అలాగే ఉంది.

ఈ సంగతి వెంకట్రాజు గారికీ తెలుసు. ఆయన హన్నమ్మని పక్కకి పిలిచి, నూలు కట్టిన కళ్ళజోడు సర్దుకుని, ఇవాళొక్కరోజు చెప్పుల గొడవ పెట్టకు అన్నారు.

"ఆచారమండి."

"ఆయన చాలా పెద్దమనిషి హన్నమ్మా. కోపిష్టి కూడాను."

"గట్టుకన్నానాండి?"

వెంకట్రాజు గారు ఆకాశం వంక చూశారు. రాత్రి అల్పపీడనం వాన పడి ఆకాశం కడిగినట్టుంది. అక్కడి నుంచి కూడా సాయం వచ్చే సూచనలేమీ లేవు.

ప్రసాదరావు గారు పొడగరి, మాట పొదుపు. ఆయన సంచి కుసుమకి వచ్చింది. మిగతా ఇద్దరూ ఏటా వచ్చే డాక్టరు గారూ, మిల్లు గారూ. ఆట మొదలెట్టబోతూ ప్రసాదరావు గారు మైదానంలో తిరిగే బ్యాటరీ బండి చక్రం మీద కాలు పెట్టి బూటు తాడు బిగించుకున్నారు. ప్యాంటు కాస్త పైకి లేచింది. ఒక కాలికి నీలం సాక్సు, రెండో కాలికి మట్టిరంగు సాక్సు. పెద్దవాళ్ళలో ఇదో కొత్త ఫ్యాషను కాబోలు అనుకుంది కుసుమ. హన్నమ్మ కూడా అటే చూస్తోంది. కుసుమ చూపు తిప్పుకున్నాక కూడా చూస్తూనే ఉంది.

మొదటి గుంతకి తేజస్వి కొట్టిన బంతి ముచ్చటగా వెళ్ళి గ్రీన్ మీద వాలింది. డాక్టరు గారూ మిల్లు గారూ అలవాటు ప్రకారం అంచున ఆగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని బూట్లు విప్పడం మొదలెట్టారు. ప్రసాదరావు గారు ఆగిపోయారు. ఏమిటిది అన్నారు. మిల్లు గారు ఉత్సాహంగా గట్టు గురించీ దాని కోపం గురించీ చెప్పారు.

"నేను విప్పను," అన్నారు ప్రసాదరావు గారు.

గొంతులో కోపం లేదు గానీ మొహం ఎర్రబడింది. తేజస్వి హన్నమ్మ వంక చూసింది. ఇవాళొద్దు పెద్దమ్మా అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. వెంకట్రాజు గారు బండిలోంచి సగం దిగి అక్కడే ఉండిపోయారు. కుసుమ లోపల్లోపల కాస్త సంబరపడింది. పోలీసాఫీసరు చేతే విప్పించిన పిన్ని, ఈయన్ని వదులుతుందా.

హన్నమ్మ ఆయన బూట్ల వంక చూసింది. ఆయన మొహం వంక చూసింది. మెడ వాల్చింది.

"విప్పక్కర్లేదండి," అంది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగింది. "ఇవాళ ఎవరూ విప్పకూడదండి. రాత్రి వాన పడింది కదా. తడి గట్టు మీద వట్టి కాళ్ళతో తిరిగితే ఇంకా కోపమండి. డాక్టరు గారూ, తొడిగేసుకోండి."

డాక్టరు గారు ఒక బూటు చేతిలో పట్టుకుని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే అన్నారు. ఇన్నేళ్ళలో ప్రోయామ్ ముందు రాత్రి వాన పడలేదు కదండీ అంది హన్నమ్మ. అని, ఆరేళ్ళలో మొదటిసారి, తను కూడా చెప్పులతో గ్రీన్ ఎక్కింది.

ఎక్కింది గానీ ఆ నడక నడక కాదు. కాలుతున్న అట్లపెనం మీద నడుస్తున్నట్టుంది. రెండడుగులు వేసి ఆగుతుంది, మడమ ఎత్తి మళ్ళీ దించుతుంది. తేజస్వి ఎటు అని అడిగితే, ఎడమకి బెత్తెడు అంది, కాదు జానెడు అంది, చివరికి మధ్యలో ఎక్కడో కొట్టమ్మా అంది. బంతి గుంతని పలకరించకుండానే పక్క నుంచి వెళ్ళిపోయింది.

రెండో గుంత దగ్గరా అంతే, మూడో గుంత దగ్గరా అంతే. దూరం నుంచి తేజస్వి కొట్టే బంతులు పావురాల్లా వచ్చి వాలుతున్నాయి. దుప్పటి మీదికి వచ్చేసరికి దారి తప్పుతున్నాయి. ఐదో గుంత దగ్గర మిల్లు గారు ఆప్యాయంగా, మోచెయ్యి కాస్త లోపలికి పెట్టి చూడమ్మా అన్నారు. తేజస్వి అలాగేనండి అంది. తొమ్మిదో గుంత అయ్యేసరికి ప్రసాదరావు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆ రెండుసార్లూ తేజస్వి చూసింది.

మజ్జిగ తాగడానికి ఆగినప్పుడు తేజస్వి ఇంక ఉండబట్టలేక, మెల్లగానే అడిగింది.

"ఆయనంటే భయపడ్డావా పెద్దమ్మా?"

"అవునమ్మా," అంది హన్నమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి కుసుమకి మజ్జిగ దిగలేదు. తుపాకులున్నవాళ్ళకి భయపడని మనిషి, మేత బస్తాలున్నాయనకి భయపడిందా. పన్నెండో గుంత దగ్గర హన్నమ్మ చెవిలో, ఆయన్ని వదిలెయ్, నువ్వైనా విప్పు పిన్నీ, నీ కాళ్ళు లేకపోతే ఆ పిల్ల మునిగిపోయేలా ఉంది అంది.

"నేను విప్పితే డాక్టరు గారు విప్పేస్తారే. అలవాటు. ఆయన విప్పితే మిల్లు గారూను."

"విప్పితే ఏం పోయింది?"

"సంచి మొయ్యి."

పద్దెనిమిదో గ్రీన్‌కి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. షామియానా కింద భోజనాల గిన్నెలు మూతలు తీస్తున్నారు. బంతి గుంతకి మూడు బారల దూరంలో ఉంది. డాక్టరు గారు కొట్టారు, పోలేదు. మిల్లు గారు కొట్టారు, ఆ బంతి గ్రీన్ దిగి షామియానా వైపు భోజనానికి వెళ్ళిపోయింది. ప్రసాదరావు గారిది కూడా పక్కకి పోయింది. ఇక మిగిలింది తేజస్వి. ఆమె బంతి దగ్గర కూర్చుని, "ఎటు పెద్దమ్మా?" అంది.

హన్నమ్మ చెప్పులతో మూడు చుట్లు తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

"తెలీట్లేదమ్మా," అంది.

ఆ మాట ఆమె నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ప్రసాదరావు గారు పక్కనున్న కుసుమతో, ఆవిడ పొద్దుట నుంచీ అలా నడుస్తుందేం, కాలు నొప్పా అన్నారు. కుసుమ ఇక ఆపుకోలేకపోయింది. నొప్పి కాదండి, ఆవిడ అరికాళ్ళతో చూస్తుందండి, చెప్పులుంటే గుడ్డిదైపోయినట్టేనండి, మీరు విప్పనన్నారని తను కూడా వేసుకుందండి అని గడగడా చెప్పేసింది. చెప్పాక భయమేసి నాలిక్కరుచుకుంది.

ప్రసాదరావు గారు హన్నమ్మ చెప్పుల వంక చూశారు.

"నాకు మూడొందల ఎకరాల చెరువులున్నాయి," అన్నారు. "తడి గట్టు మీద చెప్పులు వేసుకుంటే జారి నీళ్ళలో పడతారు. తడి గట్టు మీదే చెప్పులు విప్పుతారు. ఆవిడ తిరగేసి చెప్పిందేమిటా అని పొద్దుట నుంచీ ఆలోచిస్తున్నాను."

గ్రీన్ దిగి అంచుకి వెళ్ళారు. అక్కడి గడ్డి మీదే చతికిలపడ్డారు. బూట్లు విప్పారు. నీలం సాక్సు నీలంగానే ఉంది. మట్టిరంగు సాక్సులోంచి మాత్రం బొటనవేలు మొత్తం బయటికొచ్చి, డిప్పలోంచి తాబేలు తల బయటపెట్టినట్టు లోకాన్ని చూస్తోంది.

ఎవరూ నవ్వలేదు. డాక్టరు గారు చెట్ల వంక చూశారు. మిల్లు గారు తన బూట్ల తాడు వెతుక్కున్నారు.

ప్రసాదరావు గారే ఆ వేలి వంక చూసి కొంచెం నవ్వారు. "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ సాక్సులు వాటంతటవే జతలు కలుస్తాయనుకునేవాణ్ణి. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కటీ కలవలేదు." తర్వాత హన్నమ్మ వైపు తిరిగి, "పొద్దున్నే చూసేశావుగా. ఇంక విప్పమ్మా. ఆ అమ్మాయికి దారి చెప్పు," అన్నారు. అని, సాక్సులు కూడా లాగి అక్కడే పడేశారు.

హన్నమ్మ చెప్పులు వదిలేసింది. వదిలిన తీరు చూస్తే, ఊరినుంచి వచ్చి ఇరుకు జాకెట్టు విప్పిన మనిషికి ఊపిరాడినట్టుంది. ఒక్క చుట్టు తిరిగింది. గుంతకి ఇవతల ఒకచోట ఆగి, మడమ నొక్కి, కళ్ళు మూసుకుంది.

"కుడికి రెండు వేళ్ళు తల్లీ. గట్టిగా వద్దు. పొంగుతున్న పాల మీద నీళ్ళు చిలకరించినట్టు కొట్టు."

తేజస్వి అలాగే చిలకరించింది. బంతి కుడికి బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని, గుంత అంచున ఒక్క క్షణం ఆగి, లోపలికి దిగింది. బిందెలో చెంబు పడ్డట్టు చప్పుడైంది. గిన్నెల దగ్గర నిలబడ్డ వంటవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

తేజస్వి చప్పట్లు వినలేదు. ఆమె ఇంకా అంచున పడి ఉన్న మట్టిరంగు సాక్సు వంకే చూస్తోంది.

"పెద్దమ్మా," అంది. "ఆరేళ్ళ క్రితం నా మొదటి ప్రోయామ్. మొదటి గుంత దగ్గరే నా బూటు అడుగు ఊడి కొరమేను నోరు తెరిచినట్టు తెరుచుకుంది. నాకు ఉన్నది ఆ ఒక్క జతే. ఈ పెద్దవాళ్ళందరి ముందూ ఎలా నడవాలిరా దేవుడా అనుకుంటుంటే, నువ్వొచ్చి అందరూ విప్పేయండి, ఇక్కడి ఆచారం అన్నావు. ప్రతి గ్రీన్ దగ్గరా నేను తిరిగొచ్చేసరికి బూటుకి నీలం నూలు ఇంకో చుట్టు చుట్టి ఉండేది. నూలు నీదేనని తెలుసు. ఆచారం మాత్రం నా అదృష్టం కొద్దీ ముందే ఉందనుకున్నాను."

డాక్టరు గారు చిన్నగా దగ్గారు. "ముందెక్కడుందమ్మా. ఆ రోజు మీతో ఆడింది నేనే. అంతకుముందు మూడేళ్ళూ బూట్లతోనే ఆడాను."

అందరూ హన్నమ్మ వంక చూశారు. ఆమె జెండా తెచ్చి గుంతలో పెట్టింది. పెట్టిన జెండాని మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"ఉందండి. మీరు మర్చిపోయారండి," అంది.

"మరి నా బూటు సంగతి ఆ ఒక్క రోజుతో అయిపోయిందిగా పెద్దమ్మా. ఈ ఆరేళ్ళూ అందరి చేతా ఎందుకు విప్పించావు?"

హన్నమ్మకి ఇంక దారి లేకపోయింది. మెడ వాల్చింది.

"ఒక్కరోజు చేసి మానేస్తే అది అబద్ధమైపోద్ది కదమ్మా. రోజూ చేస్తే ఆచారమని ఊరుకుంటారు."

మిల్లు గారు ముందు నవ్వారు. తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నారో తెలియకుండా పోయింది. ప్రసాదరావు గారు లేచి, వట్టి కాళ్ళతో గ్రీన్ మీదికి వచ్చి, తేజస్వితో సోమవారం ఆ స్కూలువాళ్ళకి రానని చెప్పెయ్యమ్మా అన్నారు. ఎన్నాళ్ళకి సాయం చేస్తారని వెంకట్రాజు గారు ఆత్రంగా అడిగారు. ఆడినన్నాళ్ళూ అన్నారాయన. అని, గడ్డి మీద వేళ్ళు ఆడించి చూసుకున్నారు.

భోజనాలయ్యాక ఆయన బూట్లు తొడుక్కోబోతే సాక్సులు కనిపించలేదు. కుసుమ వెతుక్కుంటూ వెళ్ళేసరికి షామియానా వెనక హన్నమ్మ కూర్చుని, దబ్బనంతో, నీలం వల నూలుతో, మట్టిరంగు సాక్సుకి ముడి మీద ముడి వేస్తోంది. తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది.

"ఇంక వేలు కాదండి, చేపపిల్ల కూడా దూరదు."

మర్నాడు అసలు పోటీ. ప్రసాదరావు గారు చూడ్డానికి పొద్దున్నే వచ్చేశారు. ఎండ కాసి గడ్డి ఆరిపోయింది. మొదటి గ్రీన్ అంచున, తాడు ఇవతల, చూసేవాళ్ళు నిలబడే చోట ఆయన బూట్లు విప్పి ఎదురుగా పెట్టుకుని నిలబడ్డారు. చూసేవాళ్ళకి ఆచారం వర్తించదని చెప్పడానికి కుసుమ నోరు తెరిచింది గానీ, అప్పటికే ఆయన పక్కన ఎవరో హైదరాబాదు ఆయన బూట్లతో వచ్చి నిలబడ్డాడు.

"ఏవండీ, అక్కడే విప్పేయండి," అన్నారు ప్రసాదరావు గారు. "గట్టుకి కోపమొస్తది."

ఇదెక్కడి ఆచారమండీ అన్నాడాయన.

"కొల్లేటి ఆచారమండి. మూడొందల ఎకరాల చెరువులున్నాయి, నాకు తెలీదా?"